రెక్క కింద మాటు

పాత విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో రేకు పనివాణ్ణి అందరూ నునుపు బాబాయ్ అనేవారు. రేకు మీద సొట్ట కనిపిస్తే ఆయనకు అన్నం సహించదు. ఇంట్లో ఆయన సుత్తి దెబ్బ తినని గిన్నె లేదు. "ఇక నా మొహం మీద ముడతలే మిగిలాయి, వాటి జోలికి రాకండి" అనేది భార్య. ఆయన నవ్వేవాడే గానీ, ఇంకొకరి పనిని మెచ్చుకున్న పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పాత విమానం నుంచి ఏది ఊడదీసినా, తుప్పు పట్టిన మేకైనా సరే, చీటీ కట్టి పెట్టెలో దాచాలి. నునుపు బాబాయ్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాడు, ఒక్కసారి తప్ప.

ఒకప్పుడు టపా మోసిన చిన్న విమానం బాగుకొచ్చింది. దాని ఎడమ రెక్క కింద, పాత చిల్లు మీద, అరచేతికన్నా కాస్త పెద్ద రేకు మాటు ఉంది. అంచు వంకర, రివెట్లు ఒకటి ఇటు, ఒకటి అటు.

"ఏ చవట వేశాడ్రా ఇది! కళ్లు మూసుకుని కొట్టాడా?" అని షెడ్డంతటినీ నవ్వించాడు. విమానంతో పుట్టిన ముక్క కాదు, ఎవడో చేసిన చెత్త పని, దానికి చీటీ ఎందుకనుకున్నాడు. పీకి తుక్కులో పడేశాడు. తుక్కు బండి పట్టుకుపోయింది. అక్కడ కొత్త రేకు వేసి, తడిమినా అతుకు తెలియకుండా చేశాడు.

విమానాన్ని జనానికి చూపించిన రోజున ఓ పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నడుము వంచి రెక్క కిందికి దూరి, అరచేత్తో రేకంతా తడమసాగింది.

"ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నాడు నునుపు బాబాయ్.

"మా నాన్న వేసిన మాటు బాబూ. ఈ విమానానికి ఆయనే మెకానిక్కు. ఎక్కడో బీడు పొలంలో దిగినప్పుడు రాయి తగిలి రెక్కకి చిల్లు పడిందట. చేతిలో రేకు లేక, తన అన్నం డబ్బా మూతే సాగగొట్టి వేశాడట. మావాళ్లెవరూ నమ్మలేదు."

"వదిలెయ్యమ్మా, తాతయ్య కోతలు నీకు తెలీనివా?" అని కొడుకు నవ్వాడు.

ఆమె మళ్లీ తడిమింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. "అంతేనేమోరా, కోతలేనేమో" అంది.

నునుపు బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఉద్యోగం భద్రం, పేరు భద్రం. పోయేది చచ్చిపోయిన మనిషి మాటే కదా! ఇంత నీచమైన ఆలోచన తన బుర్రలో పుట్టినందుకు ఆయనకు తన మీదే అసహ్యం వేసింది.

"మాటు ఉండేదమ్మా. నేనే పీకేశాను. చవట పని అని నవ్వి తుక్కులో పారేశాను. మీ నాన్నగారు అబద్ధం చెప్పలేదు" అన్నాడు, అందరికీ వినపడేలా.

ఆమె తిడితే బాగుండును. తిట్టలేదు సరికదా, ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూశావా! గట్టిగా ఉందా?"

"అంచు వంకరే గానీ, రివెట్ల తలలు తీసేసినా కదల్లేదమ్మా. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి గానీ లొంగలేదు."

"విన్నావురా?" అని కొడుకు వైపు తిరిగింది. "ఆదివారం మా ఇంటికి రా బాబూ. నాన్నని ఎగతాళి చేసినవాళ్లందరికీ చెబుదువుగాని. కళ్లారా చూసింది నువ్వే."

ఆదివారం వెళ్లాడు. గది నిండా చుట్టాలు. తాను పారేసిన సంగతితోనే మొదలుపెట్టబోతే ఆమె అడ్డొచ్చి, "అదెందుకు ఇప్పుడు, గట్టిగా ఉందని చెప్పు చాలు" అంది. ఆ మంచితనం ముందు ఆయన తలెత్తలేకపోయాడు. ఆమె చెప్పమన్నంత వరకే చెప్పాడు. గది అంతా చప్పట్లు.

మూలనున్న కుర్చీలోంచి ఆమె పెద్దన్న మెల్లగా లేచి వచ్చాడు. "నాన్నని చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. మూత తెచ్చావా నాయనా? ఒక్కసారి ముట్టుకుంటాను" అని చెయ్యి చాచాడు.

"పారేశానండీ" అన్నాడు నునుపు బాబాయ్.

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.