ఉప్పునీళ్ళ ఈత

పోయిన ఆదివారం మా మనవరాలి ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. వేసవి సెలవుల్లో అందరూ కలిసి ఓడలో విహారానికి పోవాలని నిశ్చయమైంది కానీ, ఏ ఓడ ఎక్కాలనే దగ్గర బండి ఆగిపోయింది, ఎందుకంటే ఒక ఓడ మీది ఈతకొలనులో సముద్రపు నీళ్ళు నింపుతారట, ఇంకొకదానిలో మంచినీళ్ళు నింపుతారట. ఉప్పునీళ్ళయితే కళ్ళు మండుతాయని మునిమనవడు, మంచినీళ్ళలో మందు కలుపుతారు కాబట్టి జుట్టు పాడవుతుందని మునిమనవరాలు, ఇద్దరూ చెరొక ఫోను పట్టుకుని ఏవేవో చదివి వినిపిస్తుంటే నేను మంచం మీద కూర్చుని వింటున్నాను. ఇంతలో మనవరాలి భర్త, మంచివాడే పాపం, నా వైపు తిరిగి, మీకు ఈ తిప్పలేవీ లేవు అమ్మమ్మా, మీరు హాయిగా గట్టున కుర్చీ వేసుకుని చూడండి అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తొంభై దాటిన మనిషి గట్టున కూర్చోవాలని ఏ శాస్త్రంలో రాసి ఉందో నాకు తెలియదు. మోకాళ్ళు నేల మీద మొరాయిస్తాయి గానీ నీళ్ళలో వాటికేం పని? నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉండి ఇది చదువుతుంటే నా కోపం వారికి అర్థమవుతుంది. ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా అనే ఈ తగవు నాకు కొత్తది కాదు, ఈ తగవు మీద ఒకప్పుడు పురానాపూల్‌లో మా గల్లీ గల్లీ అంతా రెండు రోజులు అట్టుడికింది, దానికి కారణం నేనే.

మాది పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. మూసీకి ఇవతల, వంతెనకు కొంచెం దూరంలో మా బర్రెల కొట్టం ఉండేది, తెల్లవారకముందే పాలు పిండి బాపు అఫ్జల్‌గంజ్ హోటళ్ళకు వేసి వచ్చేవాడు. మా గల్లీకి రెండు బావులు. గల్లీ మొగన ఉన్నది మీఠా బావి, గల్లీ మొత్తానికీ తాగే నీళ్ళు అందులోవే, భిస్తీ తాత తోలుసంచి నింపుకుని ఇంటింటికీ పోసిపోయేవాడు. దాని గట్టు మీద కాళ్ళు కడిగినా ఊరుకునేవారు కాదు. మా కొట్టం వెనక ఉన్నది ఖారా బావి, మెట్ల బావి, ఆ నీళ్ళతో పప్పు వండితే పొద్దు గూకేదాకా ఉడకదు, సబ్బు రుద్దితే నురగ రాదు. బర్రెలను కడగడానికీ, బట్టలు ఉతకడానికీ, ఈత కొట్టడానికీ ఆ బావి. తీపి నీళ్ళు నోటికి, ఉప్పునీళ్ళు ఒంటికి, ఇది మా గల్లీలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన లెక్క.

ఆడపిల్లను ఈతకు దింపడం మాత్రం మా ఒక్క ఇంట్లోనే ఉండేది, అది మా నాయనమ్మ పెట్టిన కట్టడి. మూసీకి పెద్ద వరద వచ్చిన ఏడు ఆమెకు ముగ్గురు పిల్లలు, పెద్దవాళ్ళిద్దరూ ఆడపిల్లలు, చిన్నవాడు మా బాపు. మగపిల్లవాడు కాబట్టి బాపుకు ఈత నేర్పారు, ఆడపిల్లలకు నేర్పలేదు. వరద పోయాక నాయనమ్మకు బాపు ఒక్కడే మిగిలాడు. ఆ రోజు సంగతి ఆమె ఎన్నడూ వివరంగా చెప్పలేదు, మేమూ అడగలేదు, కానీ ఈ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఎవరైనా సరే పదేళ్ళు నిండకముందే ఈత నేర్వాలని మాత్రం గట్టిగా చెప్పేది. గంత వరదల ఈతగాండ్లే మునిగిండ్రు గదనే అవ్వా అని ఎవరో ఒకసారి అంటే, మునిగితే మునగనియ్యి, చేతులు కొట్టి మునగాలె, ఊకె మునగొద్దు, అన్నది.

నాకు ఈత నేర్పింది బాపు. వీపుకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టి, నడుముకు బర్రెను కట్టే పగ్గం కట్టి, ఆ పగ్గం కొస తను పట్టుకుని నన్ను ఏడో మెట్టు మీది నుంచి తోసేవాడు. మొదటి నాడు నేను మింగిన నీళ్ళకు రెండు రోజులు నోట్లో చేదు పోలేదు. నెల తిరిగేసరికి పగ్గం తీశారు, ఇంకో పదిహేను రోజులకు బుర్ర తీశారు. మధ్యాహ్నం మగవాళ్ళెవరూ అటు రాని వేళ చూసుకుని, బాపు పాత ధోవతిని కాసె పోసి కట్టుకుని నేను దూకేదాన్ని, అమ్మ పై మెట్టు మీద పొడిబట్టలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని కొట్టం వైపు చూస్తూ కాపలా కూర్చునేది. గంట గడిచినా చాలు రా బిడ్డా అనేది కాదు. ఆ గంటసేపు ఆమె ఏం ఆలోచించేదో నాకు పట్టలేదు.

మీఠా బావి పక్క ఇళ్ళ మగపిల్లలకు మాత్రం నేనంటే కడుపుమంట. వాళ్ళు మూసీలో నేర్చుకున్నవాళ్ళు. ఉప్పునీళ్ళల్ల కట్టెపుల్ల గూడ తేలుతది, గదొక ఈతనా ఏంది, అని నన్ను చూసినప్పుడల్లా వెక్కిరించేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చేది, కానీ నేను ఉప్పు బావిలో తప్ప ఎన్నడూ దిగలేదు మరి.

నాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడు మా చిన్న మేనమామ బొంబాయి నుంచి తిరిగొచ్చాడు. ఆయన ప్రయాణికుల ఓడ మీద పనిచేసేవాడు, లడాయిలో ఓడలన్నీ సిపాయిలను మోయడానికి పోయాయని నౌకరీ వదిలేసి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. ఓడ మీద ఒక హౌజు ఉంటుందనీ, పంపులు పెట్టి అందులోకి సముద్రపు నీళ్ళు ఎక్కిస్తారనీ, దొరలూ దొరసానులూ అందరూ అందులో ఈదుతారనీ, రోజూ పొద్దున్నే ఆ నీళ్ళు వదిలేసి కొబ్బరిపీచుతో హౌజు రుద్ది మళ్ళీ నింపడమే తన పనిగా ఉండేదనీ చెబితే గల్లీలో వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. చుట్టూ సముద్రమే ఉంటే నెత్తి మీదికి గా నీళ్ళే మోసుకునుడేంది భాయ్ అని మావయ్యను ఏడిపించారు. మావయ్య ఉడుక్కోలేదు, ఓడ మీద తీపి నీళ్ళకు తాళం ఉంటుందనీ, అవి తాగడానికీ వండుకోవడానికే తప్ప ఈతకు చుక్క కూడా ఇవ్వరనీ నిదానంగా చెప్పాడు. నాకు మాత్రం పండగే అయింది. మా గల్లీ లెక్కే ఓడ మీదా ఉంది, దొరసానులు ఈదేదీ ఉప్పునీళ్ళలోనే, ఇంకేం కావాలి? మావయ్య వెనకే తిరుగుతూ ఆ సంగతి పదిసార్లు చెప్పించుకున్నాను.

ఆ వానాకాలం వెళ్ళిన రోజుల్లోనే ఉస్మాన్‌గంజ్ నుంచి నాకు ఒక సంబంధం వచ్చింది. మిర్చి దుకాణం ఉన్నవాళ్ళు, మాకంటే ఒక మెట్టు పైన, బాపుకు కాళ్ళు నేల మీద ఆనలేదు. పట్టు పరికిణీ కట్టించి, తల నిండా పూలు పెట్టి నన్ను కూర్చోబెట్టారు. పిల్లవాడి తల్లి నన్ను పైనుంచి కిందికి చూసి, పాలు తాగి, గిన్నె కింద పెట్టి, అసలు సంగతికి వచ్చింది.

"పిల్ల బాయిల దుంకుతదట గద వదినె, నిజమేనా?" అని మా అమ్మను అడిగింది.

అమ్మ తల దించుకుంది. నాయనమ్మే అందుకుని, మా ఇంట్ల పుట్టిన ఆడపిల్లలకు ఈత నేర్పుతం అని చెప్పింది. దానికి ఆవిడ నవ్వి, మునుపటి సంగతి మునుపటిదే, గిప్పుడు పిల్ల పసుపు కుంకుమ మీద చెయ్యి పెట్టి ఇగ నీళ్ళల్ల దిగనని చెప్తే చాలు, మాకేం ఫికర్ లేదు, అన్నది. మావయ్య ఉండబట్టలేక దొరసానుల సంగతి ఎత్తాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఓడల సంగతి ఓడల్లనే ఉండనియ్యి గానీ, ఉప్పునీళ్ళల్ల తేలుడు గూడ ఒక ఈతనేనా, దాన్ని ఇడిచిపెట్టెతందుకు గింత ఆలోచననా, అన్నది.

పసుపు కుంకుమల పళ్ళెం నా ముందుకు వచ్చింది. బాపు వైపు చూశాను, ఆయన నేల చూస్తున్నాడు. వరదలో బతికి బయటపడ్డ మనిషి, నాకు నీళ్ళు చూపించిన మనిషి. చెయ్యి పెడితే నాకు ఈత ఉండదు, అంతే, ఇంకేమీ తోచలేదు. లేచాను. వాకిలి దాటి గల్లీలోకి పరుగెత్తాను. అందరూ నేను ఖారా బావికి పోతున్నాననే అనుకున్నారు, కానీ నేను గల్లీ మొగకు పోయి, మీఠా బావి గట్టెక్కి, పట్టు పరికిణీతో, పూలతో, కాళ్ళ పట్టాగొలుసులతో సహా దూకేశాను.

భిస్తీ తాత అక్కడే నీళ్ళు తోడుతున్నాడు. "యా అల్లా, బచ్చీ గిర్ గయీ!" అని కేక పెట్టి తాడు విసిరాడు. నేను తాడు పట్టుకోలేదు. పరికిణీ తడిసి కాళ్ళకు చుట్టుకుని కిందికి లాగింది, ఒక్క క్షణం నిజంగానే భయపడ్డాను, తీపి నీళ్ళు నన్ను మోయవేమో, వాళ్ళు అన్నదే నిజమేమో అనుకున్నాను. అప్పుడు చేతులు కొట్టాను. అంతే, అదే నీళ్ళు, అదే ఒళ్ళు, కొంచెం కూడా తేడా లేదు. పైన తలకాయలు పెరుగుతున్నాయి, మగపిల్లలున్నారు, పిల్లవాడి తల్లి కూడా ఉంది. బావి చుట్టూ మూడు చుట్లు ఈది, నాలుగో చుట్టు వెల్లకిలా ఈది, గోడకు దిగడానికి పెట్టిన రాళ్ళు పట్టుకుని నా అంతట నేనే ఎక్కి వచ్చాను. చాలా ఏళ్ళ తర్వాత సైన్సు చెప్పే మా అబ్బాయి ఒక మాట చెప్పాడు, మా ఖారా బావిలో ఉన్న ఉప్పు పప్పును ఉడకనివ్వకపోవడానికి సరిపోతుంది గానీ మనిషిని తేల్చడానికి ఏ మూలకూ చాలదట. ఆ మాట ఆనాడే తెలిస్తే నేను దూకే అవసరమే ఉండేది కాదు, అయినా దూకేదాన్నే అనుకోండి.

తర్వాత జరిగిన లొల్లి ఇంతా అంతా కాదు. సంబంధం వాళ్ళు అటునుంచి అటే పోయారు. తాగే నీళ్ళలో దూకిందని గల్లీ అంతా మా వాకిట్లోకి వచ్చింది, అందులో వాళ్ళ తప్పేమీ లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. బావి మొత్తం తోడిపోయాలని తీర్పయింది. బాపూ మావయ్యా రెండు రోజులు తోడారు, ఆ రెండు రోజులూ మా పాలబిందెలతోనే గల్లీకి వేరే చోటి నుంచి మంచినీళ్ళు మోశారు. బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నాయనమ్మ మాత్రం నా తల తుడుస్తూ, మస్తు కొట్టినవ్ బిడ్డా చేతులు, అన్నది. ఆ పళ్ళెం మా ఇంట్లో మళ్ళీ నా ముందుకు రాలేదు. నాలుగేళ్ళకు నన్ను చేసుకున్నాయన బావి సంగతి అంతా విని, నవ్వి మరీ చేసుకున్నాడు. చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఒక్కటే ఉంది, అది మాత్రం చెప్పాలి. గొడవ సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం మళ్ళీ ఖారా బావికి పోయాను. గెలిచి వచ్చిన దాన్ని కదా, ఒళ్ళు పొగరు దిగలేదు. అమ్మ ఎప్పటిలాగే పై మెట్టు మీద పొడిబట్టలతో కూర్చుంది. నేను ఈది ఈది మెట్టు పట్టుకుని ఆయాసపడుతుంటే ఆమె మెల్లగా నాలుగు మెట్లు దిగి వచ్చింది, అంతవరకు అన్ని మెట్లు దిగగా నేనెన్నడూ చూడలేదు, చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, కొట్టం వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని నన్ను అడిగింది.

"ఉప్పునీళ్ళు తేలుస్తయంటరు గద బిడ్డా. నన్ను గూడ తేలుస్తయా?"

నేను నవ్వాను. పగలబడి నవ్వాను. ఉప్పు తేల్చదమ్మా, చేతులు కొట్టాలె, నీకెందుకు ఈ వయసుల గివన్నీ, అన్నాను. ఆమె కూడా నా నవ్వు చూసి నవ్వింది, ఊకెనే అడిగిన లే అని, కుచ్చెళ్ళు వదిలేసి, మళ్ళీ పై మెట్టు మీదికి పోయి కూర్చుంది. నాయనమ్మ కట్టడి ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలకు, ఆ ఇంటికి వచ్చిన ఆడపిల్ల సంగతి నాయనమ్మకూ తట్టలేదు, బాపుకూ తట్టలేదు, గల్లీ మొత్తాన్ని ఎదిరించిన నాకూ తట్టలేదు. పగ్గం ఉంది, బుర్ర ఉంది, పట్టుకోవడానికి నేనున్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు. నా పెళ్ళయిన రెండో ఏడు జ్వరంతో పోయింది.

ఇప్పుడు ఆ బావుల్లో ఏదీ లేదు. ఖారా బావి పూడ్చి దాని మీద నాలుగంతస్తులు కట్టారు, మీఠా బావి ఎక్కడుండేదో చూపించమంటే నేనే తడబడతాను, ఇక మూసీ వైపు ముక్కు మూసుకోకుండా పోలేం. అయితేనేం, పోయిన వాటి కోసం నేను ఏడవను. మనవరాలి అపార్టుమెంటు కింద ఈతకొలను ఉంది, పొద్దున తొమ్మిదింటికి పిల్లల్ని బడికి పంపేసి ఆడవాళ్ళు పదిమంది దాకా వస్తారు, తలకు రబ్బరు టోపీలు పెట్టుకుని, నేర్పే అమ్మాయి చెయ్యి పట్టుకుని, కేకలు పెడుతూ, నీళ్ళు మింగుతూ, నవ్వుకుంటూ కాళ్ళు ఆడిస్తారు. అందులో కొందరికి నలభై, ఒకావిడకు యాభై ఆరు. ఈ వయసులో ఎందుకని వాళ్ళను ఎవరూ అడగరు, అడిగితే నేను ఊరుకోను. వాళ్ళు ఒక్కొక్కరే గోడ వదిలి తేలడం చూస్తూ నేను వేళ్ళ మీద లెక్క వేసుకుంటాను, ఎన్నిసార్లు వేసినా అదే లెక్క వస్తుంది. నేను నవ్విన నాటికి మా అమ్మకు ముప్పై నిండలేదు.