డెస్క్‌టాప్ మీద ఉన్నవాడు

మొన్న పలాసలో మా అమ్మాయి తన లాప్‌టాప్‌కి కొత్త విండోస్ ఎక్కించబోతూ, సి డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుందన్న హెచ్చరికను చదవనైనా చదవకుండా మౌసు మీద వేలు పెట్టేసరికి, నేను వేడి టీ గ్లాసుతో సహా ఆ వేలి మీదకు దూకాను. "అన్నీ క్లౌడులో ఉన్నాయి నాన్నా, ఏటీ కంగారు!" అని అది నవ్వింది. నవ్వదూ మరి, దానికి టెక్కలిలో మా అక్క మొగుడి ఫొటో స్టూడియో సంగతి తెలియదు.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. వైరస్ పట్టాక మా బావ కంప్యూటరు పడవ ఇంజనులా మోగేది. అది తెరుచుకునేలోపు, స్టూడియోలో సాయంగా ఉండే నేను వీధి చివరకు వెళ్ళి, ఇడ్లీ తిని, రెండో ప్లేటు గురించి దీర్ఘంగా ఆలోచించి, అదీ తిని వచ్చేవాణ్ణి.

ఆ స్టూడియోకి ప్రతి సంతరోజూ భావనపాడు నుంచి ఒక ముసలమ్మ వచ్చేది. ఎండుచేపలు అమ్ముకున్నాక, ఖాళీ గంప గుమ్మంలో బోర్లించి, చేతులు చీరకు తుడుచుకుని తెర ముందు కూర్చునేది. ఆమె కొడుకు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు, పడవ చెక్క కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. కొత్త పడవకు పూజ చేసిన రోజున మా బావ తీసిన ఫొటో ఒక్కటే మిగిలింది. అందులో అతను పడవ అంచు మీద చెయ్యేసి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఉచితంగా ప్రింటు తీసిస్తానని మా బావ అంటే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వొద్దు బాబూ. కాయితం మీదకొత్తే గోడెక్కించేత్తారు, గోడెక్కితే దండేసేత్తారు. ఆడొచ్చీదాకా ఈ పెట్టిలోనే ఉండనీ."

ప్రతిసారీ ఫోల్డర్లన్నీ వెతుకుతూ ఆమెను కూర్చోబెట్టడమెందుకని మా బావ జాలిపడి, ఆ ఒక్క ఫొటోను దాని ఫోల్డరులోంచి తీసేసి డెస్క్‌టాప్ మీద పెట్టాడు. ఆ జాలే కొంప ముంచింది.

ఒకరోజు మందసలో పెళ్ళికి వెళ్తూ కంప్యూటరు నాకు అప్పగించాడు. "సి ఒక్కటే ఫార్మాట్ కొట్టు బావా. ఫొటోలన్నీ డి లో ఉన్నాయి. డి జోలికెల్లావో, ఈపు సిట్లిపోద్ది."

నేను డి ని మూడుసార్లు సరిచూసుకుని, కంప్యూటరుకు అగరొత్తి కూడా వెలిగించాను. పట్టపగలే, అయినా ఎందుకో ఆ రోజు గాలి స్తంభించి, అగరొత్తి పొగ నిట్టనిలువుగా నిలబడింది. తెర సముద్రమంత నీలంగా మారింది. ఫార్మాట్ మొదలెట్టడానికి ఎఫ్ నొక్కాను. పసుపు గీత ఒక్కో శాతం ముందుకు పాకుతూ, ఒడ్డును కొరుక్కుతినే అలలా, చప్పుడు లేకుండా వస్తోంది. నలభై దగ్గర గుర్తొచ్చింది. డెస్క్‌టాప్ మీద కనబడేదంతా ఉండేది సి లోనే కదా!

తీగ పీకేశాను. విశాఖపట్నం దాకా మోసుకెళ్ళి చూపించినా ఆ ఒక్క ఫొటో తిరిగి రాలేదు. కెమెరా కార్డు మీద అప్పటికే పది పెళ్ళిళ్ళు జరిగిపోయాయి.

తరువాతి సంతరోజున ఆమె వచ్చి కూర్చుంది. తెర మీద ఎవరిదో పచ్చని కొండ, నీలాకాశం.

"ఏడీ నా గుంటడు?"

ఒకదాన్ని మించిన అబద్ధం ఒకటి, ఏడు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోట రాలేదు. నిజం చెప్పేశాను. మా బావ తల ఎత్తకుండా శుభ్రంగానే ఉన్న లెన్సును తుడుస్తూనే ఉన్నాడు. ఆమె ఆ కొండ వైపు చూస్తూ చేతులు మళ్ళీ చీరకు తుడుచుకుంది.

"పోన్లే నాయినా. ఇంక నా గుంటడికి దండెవుడేత్తాడో సూత్తాను."

గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత సంతరోజుల్లో ఆమె లోపలికి రాలేదు గానీ, గుమ్మం దగ్గర ఆగి, కంప్యూటరు వైపు చూడకుండానే అడిగేది: "ఒచ్చాడేటి బాబూ?" సముద్రం నుంచా, ఆ పెట్టెలోంచా అని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఒక సంతకు ఆమె కూడా రాలేదు.

టీ మరకలు తుడుచుకుంటూ మా అమ్మాయి అడిగింది, డెస్క్‌టాప్ మీద ఏం వెతుకుతున్నావని. ఏమీ లేదన్నాను. నిజంగానే ఏమీ లేదు. ఇప్పుడు ఒక్కొక్కరికీ వేల ఫొటోలు, ఏదీ పోదు. ఒకటి పోయినా ఎవరికీ తెలియదు. వచ్చాడా అని అడగడానికి గంపెత్తుకుని గుమ్మం దాకా వచ్చేవాళ్ళూ లేరు.