ఇరవైకి పందొమ్మిది

క్యాసెట్లకు మార్కులు వేయడం నాకు కడపలో ఉద్యోగం చేసే రోజుల్లో అలవాటయింది. నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం, ఒంటరి గది. సాయంత్రం వచ్చి వంట చేసుకుని, పాటలు విని, డైరీ రాసుకుని పడుకునేవాణ్ణి. కొత్త క్యాసెట్టు కొంటే రెండు వైపులూ కదలకుండా వినాలని, లేవకముందే మార్కులు వేయాలని నియమం పెట్టుకున్నాను. మొత్తం ఇరవై. గొంతుకు ఐదు, వాద్యాలకు ఐదు, రికార్డింగుకు ఐదు, పాటలను పేర్చిన వరుసకు ఐదు. పాడేవాళ్ళు లేని క్యాసెట్టయితే గొంతు మార్కులు ప్రధాన వాద్యానికి.

వరుసకు మార్కులేమిటని చాలామంది నవ్వారు. నాకది ముఖ్యం. ఏ పాట తరువాత ఏ పాట రావాలో ఒక మనిషి కూర్చుని ఆలోచించి ఉంటాడు. అందుకే బజారులో మనకు నచ్చిన సినిమా పాటలు చీటీ మీద రాసిచ్చి నింపించుకునే క్యాసెట్లను నేను లెక్కలోకి తీసుకోలేదు. అవి విన్నాను, బాగా విన్నాను, కానీ మార్కులు వేయలేదు.

కర్నూలుకు బదిలీ అయి ఇల్లు కట్టుకున్నాక పక్కింటాయన దొరికాడు. ఆయనకు బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉండేది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చేవాడు. రాయి కోసే మిషన్ల రొదకు చెవులు కొంచెం మొద్దుబారాయి కాబట్టి ఏదైనా గట్టిగా వినేవాడు. మా ఇంట్లో మొదటిసారి వీణ క్యాసెట్టు పెట్టిన సాయంత్రం ఆయన గోడ మీదుగా తల ఎత్తాడు.

“ఏమప్పా, ఆపేస్తివి? ఇంగో పక్క లేదా దానికి?”

“రెండు పక్కలూ అయిపోయినాయి.”

“అయితే మళ్ళా మొదటి పక్క ఏయి. నేను కాళ్ళు కడుక్కోని వస్తాండా.”

అలా వచ్చినవాడు చనిపోయేదాకా వస్తూనే ఉన్నాడు. ఆదివారం సాయంత్రాలు మా వరండాలో రెండు కుర్చీలు, మధ్యలో స్టూలు మీద టేపురికార్డరు. ఆ వీణ క్యాసెట్టుకు నేను పదహారు వేశాను. వాయించిన ఆమె తొందరపడదు. ఒక స్వరం పూర్తిగా వినిపించాకే రెండోదాని దగ్గరికి పోతుంది. మృదంగం మాత్రం దూరంగా, పక్క గదిలో వాయించినట్టు ఉంది. ఆయన పద్దెనిమిది అన్నాడు. విడివిడిగా చెప్పమంటే చెప్పలేడు. ఆయన పద్ధతి టోకు పద్ధతి.

“నీ చెయ్యి అంత బిగువేందప్పా? ఒక మార్కు ఎక్కువేస్తే దుడ్లేమన్నా పోతాయా?” అనేవాడు.

మా పెద్ద గొడవ ఒక ఖవ్వాలి క్యాసెట్టు గురించి. కడప దర్గా ఉరుసులో ఆయనే కొన్నాడు. ఆయనకు ఉర్దూ వచ్చు, నాకు బజారు మాటలు మాత్రమే వచ్చు. నేను పన్నెండు వేశాను. మొదటి వైపు బాగుంది. రెండో వైపు అదే పాటను తిప్పి తిప్పి సాగదీశారు. చప్పట్లు కూడా అక్కడక్కడ తాళం వదిలేశాయి. ఆయన ఇరవైకి ఇరవై వేశాడు.

“ఆ ముసలాయన ఒక్క కేక ఏసినాడు సూడు, ఆ కేకకే ఇరవై. మిగతాదంతా నాకు ఊరికే ఇచ్చినట్టే.”

“కేకకు మార్కులు లేవు. గొంతుకు ఐదే.”

“ఏమ్మా,” అని ఆయన లోపల ఉన్న నా భార్యను పిలిచాడు. “నీ మొగుడు నీ పులుసుకు కూడా ఇట్లనే ఏస్తాడా? చింతపండుకు రెండు, ఉప్పుకు ఒకటి?”

“అడగాకన్నా,” అంది ఆమె. “వేసేదుంటే ఎప్పుడో ఫెయిలు చేసి పుట్టింటికి పంపిచ్చింటాడు.”

ఒకటి మాత్రం ఇద్దరం ఒకే మార్కు వేసిన క్యాసెట్టు. తత్వాలు. కమలాపురం దగ్గర పల్లెలో ఉండే ఒక రైతు పాడినవి. తన తంబూర తానే మీటుకుంటాడు, చిడతలు ఇంకెవరో వేస్తారు. అంతకుమించి ఏమీ లేదు. చిన్న స్టూడియోలో రికార్డు చేసినట్టున్నారు, ఒకచోట వెనకనుంచి కోడి కూత వినిపిస్తుంది. దానికి నేను మార్కు తగ్గించలేదు. గొంతులో కష్టపడుతున్నట్టు ఎక్కడా ఉండదు. నడుస్తూ మాట్లాడుతున్నట్టు పాడతాడు. పాటల వరుస చూస్తే మొదట ఇల్లు, తరువాత పొలం, తరువాత ఒళ్ళు, చివరకు ప్రాణం. ఎవరు పేర్చారో గానీ బాగా పేర్చారు. ఆఖరి చరణం సగంలో టేపు అయిపోయి పాట తెగిపోతుంది. అందుకు రికార్డింగులో ఒకటి తగ్గించి పందొమ్మిది వేశాను. నా లెక్కలో అంతకంటే ఎక్కువ దేనికీ రాలేదు.

“నాకు ఆ ఒకటితో పనిలేదు,” అన్నాడు పక్కింటాయన. “అయినా నువ్వు ముసలోడివి అవుతాండావు. నీ కోసరం పందొమ్మిదే ఏస్తాండా పో.”

నాకంటే ఆయనే రెండేళ్ళు పెద్ద.

నిరుడు ఎండాకాలం చివర్లో ఒక ఉదయం ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. తొమ్మిది గంటలకు శవాన్ని ఇంటికి తెచ్చారు. కాసేపటికి మైకుసెట్టు అతను వచ్చి కరెంటు స్తంభానికి హారన్ కట్టాడు. మా వైపు చావు జరిగిన ఇంట్లో శవం లేచేదాకా మైకులో తత్వాలు పెడతారు. పాట వినగానే వీధిలోవాళ్ళు ఎవరు పోయారని అడుగుతూ వస్తారు. మైకుసెట్టు అతను తన పెన్‌డ్రైవు తీసి నన్ను చూసి ఆగాడు.

“సార్, మీరిద్దురూ వినే క్యాసెట్టు ఉండాది కదా. దాన్నే పెడితే అన్న సంతోషపడతాడు.”

నేను ఇంట్లోకి పోయి క్యాసెట్టునూ టేపురికార్డరునూ తెచ్చాను. అతను వైరు కలిపాడు. ఇప్పటి మిషన్లలాగా అది తనంతట తాను తిరిగి మొదలవదు. వైపు అయిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు తిప్పాలి. నేను షామియానా మూల కుర్చీ వేసుకుని టేపురికార్డరు పక్కన కూర్చున్నాను. వైపు అయిపోతే తిప్పాను. మళ్ళీ అయిపోతే మళ్ళీ తిప్పాను. సాయంత్రం దాకా ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే. వచ్చినవాళ్ళు నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి పోయారు. నాకు ఏడుపు రాలేదు. తల వంచి చక్రాలు తిరగడం చూశాను. ఆఖరి చరణం ప్రతిసారీ అక్కడే తెగింది.

ఆ రోజు డైరీలో ఎండ గురించి రాశాను, ఆయన పోయిన సమయం రాశాను. తరువాతి నెలల్లో కుళాయి నీళ్ళు వచ్చిన వేళ, నా బీపీ, వాన పడిందీ లేనిదీ రాశాను. పాటల గురించి ఏమీ లేదు. వినకపోవడం వల్ల కాదు. విన్నాను. ఆదివారం ఒక కుర్చీ వేసుకుని వీణ పెట్టాను. శబ్దం వచ్చింది, పోయింది. నాదస్వరం పెట్టాను. కడప బస్టాండు దగ్గర కొన్న క్యాసెట్టు, పదిహేడు మార్కులు. డోలు బాగానే ఉంది. బాగానే ఉందని తెలుస్తోంది, అంతే. వాద్యానికి ఎంత, వరుసకు ఎంత అని నన్ను నేను అడిగితే ఒక్క అంకె కూడా తట్టలేదు. రెండో వైపు పెట్టకుండా ఆపేశాను.

నేను పెద్దగా దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాను, స్నేహితులు ఎక్కువ లేరు, ఉద్యోగం అయిపోయింది. పాట విని అది మంచిదో చెడ్డదో నాకు నేను చెప్పుకోగలగడం ఒక్కటే నాదంటూ మిగిలింది. అది కూడా ఆయనతో పోయిందా అన్నదే నా భయం. భయం అన్న మాట కూడా పెద్దది. పన్ను పీకించుకున్నాక మత్తు దిగని చెంపను వేలితో నొక్కి చూసుకుంటాం కదా, అట్లా ప్రతి ఆదివారం నొక్కి చూసుకునేవాణ్ణి.

కార్తీకంలో ఒక ఉదయం, ఎట్లాగైనా తేల్చుకోవాలని, తత్వాల క్యాసెట్టే పెట్టాను. కిటికీ తెరిచి ఉంది. దాని సంగతి నాకు తట్టలేదు. ఆయన ఉన్నప్పుడు పెట్టినట్టే, ఆయనకు వినపడేంత గట్టిగా పెట్టాను. మొదటి పాట పూర్తి కాకముందే గేటు చప్పుడయింది. ఎదురింటాయన చెప్పులు వదిలి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. వెనకాల ఇంకో ఇద్దరు. గోడకు అవతల నుంచి వదిన, పోయిన పక్కింటాయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది.

“ఏమప్పా, ఏమాయె? ఆయమ్మ యాడ?” అంది వదిన నన్ను చూసి. నేను బతికే ఉన్నాను కాబట్టి పోయింది నా భార్యే అనుకుంది.

నా భార్య వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది.

“ఈడనే ఉండా వదినా. దోసెలు పోస్తాండా.”

“మరి మైకు?”

“మైకు కాదు. ఈయన పాటలు వింటాండాడు.”

ఎదురింటాయన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “సార్, ఆ పాట శానా మంచిది, కాదనను. వీధిలో ఉండేటోళ్ళం. కొంచెం చెప్పి పెట్టండి,” అన్నాడు. వెనకనున్నాయన, “వచ్చినాం కదా, దోసె తినిపోదాం,” అన్నాడు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నా భార్య ఆమెను వంటింట్లోకి తీసుకుపోయింది.

నేను పాట ఆపాను. ఆయన పోయిన రోజు మంచి క్యాసెట్టును నా చేతులతోనే మైకుకు ఇచ్చాను. అది ఇప్పుడు వీధిదైపోయింది. దానికి వేసిన పందొమ్మిది కొట్టివేయలేదు. మళ్ళీ పెట్టనూ లేదు.

ఈ మధ్య ఆయన సంవత్సరీకం జరిగింది. ఆ ఇంటి ముందు షామియానా, భోజనాలు. మైకుసెట్టు అతను ఈసారి నన్ను ఏమీ అడగలేదు. పెన్‌డ్రైవులో కొత్త ఆల్బమ్ తెచ్చానని చెప్పి పెట్టాడు. అవీ తత్వాలే. కానీ తంబూర లేదు, దాని బదులు కీబోర్డు. చిడతల బదులు మిషను డప్పు. పాడే కుర్రాడి గొంతు ఎక్కడో డబ్బాలోంచి వచ్చినట్టు మోగుతోంది. ప్రాణం పోవడం గురించిన తత్వాన్ని పెళ్ళి ఊరేగింపు వేగంలో పాడుతున్నాడు. దాని తరువాత వెంటనే పుట్టుక పాట. ఎవరు పేర్చారు దీన్ని?

నాకు అన్నం సయించలేదు. చేయి కడుక్కుని పోయి అతని పక్కన నిలబడ్డాను.

“ఏమయ్యా ఇది?”

“కొత్తది సార్. అంతా ఇదే అడుగుతాండారు. బాగలేదా?”

బాగలేదన్నాను. ఎందుకు బాగలేదో చెప్పడం మొదలుపెట్టాను. తంబూర తీసేస్తే పాడేవాడికి నిలబడడానికి చోటు ఉండదని, ఊపిరి పీల్చుకునే చోట కూడా డప్పు కొట్టారని, గొంతుకు రెండు, వాద్యానికి సున్న, వరుసకు సున్న అని చెప్పాను. రికార్డింగు శుభ్రంగా ఉంది కాబట్టి దానికి రెండు. మొత్తం నాలుగు. చెబుతూ చెబుతూ గొంతు పెంచాను కాబోలు, పంక్తిలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నా భార్య చేతిలో సాంబారు గరిటె అట్లాగే ఉండిపోయింది. ఆయన పోయాక నేను మార్కులు వేయడం ఇదే మొదలు.

“మార్చమంటారా సార్?” అన్నాడు మైకుసెట్టు అతను, బెదిరిపోయి.

“వద్దు,” అన్నాను. “పూర్తిగా కానీ. అంతా వినకుండా మార్కులు వేయకూడదు.”

కుర్చీ లాక్కుని హారన్ కింద కూర్చున్నాను.