ఉన్ని టోపీ

తొంభైల మొదట్లో నేను మస్కట్‌లో కంపెనీ డ్రైవర్‌ని. ఒక సాయంత్రం అక్కడి సీబ్ విమానాశ్రయంలో కూర్చుని ఉంటే, నా పక్కనే ఒక చైనా ఇంజనీరు తన అమెరికా స్నేహితుణ్ణి సాగనంపుతున్నాడు. అమెరికా ఆయన రంగు కాగితం చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టి, ఆశగా చూస్తూ నిలబడ్డాడు. చైనా ఆయన రెండు చేతులతో అందుకుని, తల వంచి, విప్పకుండానే సంచిలో పెట్టుకున్నాడు. అమెరికా ఆయన మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్ళిపోయాడు.

"విప్పి చూడకపోతిరేంది సార్?" వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

"ఇచ్చినవాళ్ళ ముందే విప్పితే మా దగ్గర ఆత్రం అంటారు. నేనిచ్చిన టీ డబ్బాని ఇతను అందరి ముందూ బర్రున చించి తీశాడు. మర్యాద తెలియదనుకున్నాను."

"మా సార్ గూడ అమెరికాయనే. ముందట విప్పకుంటే నచ్చలేదనుకుంటడు."

ఆయన సంచిలోంచి పొట్లం బయటికి తీశాడు. గాజు గోడ దగ్గరికి పరుగెత్తి, అక్కడే కాగితం చించేశాడు. లోపల ఉన్ని టోపీ.

"మా ఊళ్ళో మంచు పడుతుందని ఎప్పుడో చెప్పాను," అన్నాడు మెల్లగా.

ఆ టోపీ పెట్టుకుని, చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. అవతల క్యూలో స్నేహితుడి వీపు మాత్రమే కనిపిస్తోంది. అతను వెనక్కి తిరగలేదు. క్యూ అంతా ఖాళీ అయ్యాక కూడా ఈయన చెయ్యి దించలేదు.

ఇప్పుడు నాకెవరు ఏమిచ్చినా వాళ్ళ ముందే విప్పేస్తాను. ఆత్రం ఎక్కువని ఇంట్లో నవ్వుతారు.