మే ఇరవై తొమ్మిది, పై పోస్టు

హెలికాప్టర్ మమ్మల్ని సియాచిన్ మంచు మీద దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మా సిద్దిపేటలో రోహిణి కార్తెకు రోళ్లు పగులుతుంటే, అక్కడ నేను టూత్‌పేస్టును స్టవ్ దగ్గర పెట్టి కరిగించుకున్నాను.

నాది రేడియో డ్యూటీ. పొద్దున్నే పోస్టులన్నింటినీ పలకరించాలి. కానిస్టేబుల్ పరీక్షకు బట్టీ పట్టిన ‘చరిత్రలో ఈ రోజు’ నుంచి ఒక ముక్క కూడా వినిపించేవాణ్ణి. పరీక్ష పోయింది గాని బట్టీ పోలేదు. మాకు పైనున్న పోస్టులో గన్నర్ మా సిద్దిపేట దగ్గరి మిరుదొడ్డి వాడు. అందరికంటే ముందు నవ్వేది అతనే.

మే ఇరవై తొమ్మిదిన మంచు తుఫాను పట్టుకుంది. గన్నర్ జోడీ జవాను జబ్బుచేసి ముందురోజే కిందికి దిగాడు. పైన ఇతనొక్కడే. మధ్యాహ్నానికి స్టవ్ ఆరిపోయింది. ఆ చలిలో కన్ను మూస్తే మళ్లీ లేవడు. కెప్టెన్ నలుగురిని తాడుకు కట్టుకుని పైకి బయలుదేరుతూ నాతో అన్నాడు: “వాణ్ణి నిద్రపోనివ్వకు. ప్రతి మాటకూ జవాబు రావాలి.”

రేడియో సెట్టు అందుకున్నాను.

“తమ్మీ, మనిషి మొదటిసారి ఎవరెస్టు ఎక్కింది ఇయ్యాలనే. విన్నవా?”

“విన్న. ఆళ్లు ఎక్కి దిగిన్రు గద అన్నా. నన్ను దించే ముచ్చట చెప్పు.”

కాన్‌స్టాంటినోపుల్ కూలింది ఈ రోజేనన్నాను. సూర్యుడి పక్కన నక్షత్రాల వెలుగు వంగుతుందని గ్రహణం పట్టినప్పుడు కొలిచిందీ ఈ రోజేనన్నాను. “విన్న” అన్నాడు. ఆ తర్వాత ఉత్త గరగర. నాకు తెలిసిన చరిత్ర అయిపోయింది. నోటికొచ్చింది అడిగేశాను.

“పోయినేడు ఇదే రోజు నువ్వేం జేసినవ్?”

ముద్దముద్దగా పలికాడు. “సెలవుల ఉన్న. దున్నిన. కాళ్లు గాలినయ్.”

“చెప్పుల్లెవ్వా?”

“తెగినయ్.”

“ఎంత గాలినయ్? చెప్పు.”

“మస్తు గాలినయ్ అన్నా.”

ఆ ఎండంతా మాట మాటగా అతని చేతనే చెప్పించాను. చివరికి సెట్టులో కెప్టెన్ గొంతు వినిపించింది. “చేరుకున్నాం. బతికే ఉన్నాడు.” నేను ఏడ్చాను.

స్ట్రెచర్ మీద దించాక తెలిసింది. మందపాటి గ్లవుతో సెట్టు మీట నొక్కడం కుదరదు. నేను “విన్నవా” అన్న ప్రతిసారీ గ్లవు తీసి నొక్కాడు.

“పోతే వేళ్లే పోతయ్ తియ్యన్నా” అన్నాడు.

మంచు కాటుకు కుడిచేతి వేళ్లు పోయాయి. ఇప్పుడు మిరుదొడ్డిలో ఎడమచేత్తో ట్రాక్టర్ నడుపుతున్నాడు.

డ్యూటీ ముగించుకుని నేనూ సిద్దిపేట వచ్చేశాను. ఈ రోజు ఫలానాది జరిగిందని మా బిడ్డ ఫోనులో చూసి చదువుతుంటుంది. రాజ్యాలు కూలుతాయి, శిఖరాలు ఎక్కుతారు. నాకు మాత్రం స్ట్రెచర్ మీద, సెట్టు తీసేసినా ఇంకా దాన్ని పట్టుకున్నట్టే వంగి ఉన్న అతని తెల్లటి చెయ్యి కనబడుతుంది.