తువ్వాలు కింద రెండు చేతులు

నిన్న పొద్దున ఫోన్ మోగినప్పుడు నేను రేణిగుంట స్టేషన్ బయట టీ తాగుతున్నాను.

రోహిణి తమ్ముడు. "అక్కా, మా అక్క లేదు" అన్నాడు.

"లేకుంటే ల్యాబ్‌కి పోయుంటుంది లేరా" అన్నాను.

నిజంగా అలాగే అన్నాను. వాడు ఏడుపు మొదలుపెట్టాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

చిత్తూరు బస్సు ఎలా ఎక్కానో గుర్తు లేదు. కిటికీ బయట మామిడి తోటలు మెల్లగా వెనక్కి పోతున్నాయి. పక్క సీట్లో రోహిణి కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టే ఉంది. సగం నాకు, సగం తనకు. దిగేదాకా పక్కకు తిరిగి చూడలేదు. చూస్తే ఉండదని భయం.

రోహిణి ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను.

తిరుపతి హాస్టల్లో నా రూమ్మేట్. తర్వాత ఏర్పేడు దగ్గర రీసెర్చ్. మెదడులో ఒక నరాల కణం ఇంకో కణంతో కలిసే చోటుని సినాప్స్ అంటారు. ఆ చోటుని ప్రోటీన్లు అన్నీ కలిసి ఎలా కడతాయి అన్నదే రోహిణి పని. దాని పిచ్చి కూడా అదే. అన్నం తింటూ కూడా అదే గోల.

వాళ్ల నాయన చిత్తూరు మామిడి మండీలో దళారి. మేమందరం ఆయన్ని నాయన అనే పిలుస్తాం. కూతురిది పెద్ద చదువని ఊరంతా చెప్పుకునేవాడు, అదేం చదువో తెలియకపోయినా.

తెలిసిన రోజు మాత్రం ఇల్లు పీకి పందిరేశాడు.

ఎలుకల మెదడులోంచి కణాలు తీసి పెంచుతుందని ఎవరో ఆయన చెవిన వేశారు.

"వినాయకసామి వాహనాన్ని కోస్తావా మ్మే నువ్వు? ఇంగ నాతో మాట్లాడొద్దు."

ఆయన మాటంటే మాటే. ఎండాకాలమంతా కూతురితో మాట్లాడలేదు. ఇది ఫోన్ చేస్తే వాళ్లమ్మ చేతికిచ్చి బయటికి పోయేవాడు. రోహిణి పైకి నవ్వేసేది. ఒకరోజు మాత్రం, "నాయన గొంతు మర్చిపోతానేమో భారతీ" అంది.

మామిడి సీజన్ మంచి జోరు మీద ఉన్నప్పుడు నన్ను లాక్కుని మండీకి పోయింది. తోతాపురి కాయల గుట్టల మధ్య నాయన కూర్చుని ఉన్నాడు. గాలంతా పండు వాసన.

ఆ మండీలో పాతకాలం దళారులు ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లతో మాట్లాడుకుంటారు.

రోహిణి పోయి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన భుజం మీది తువ్వాలు లాగి ఆయన చేతి మీద కప్పింది. తన చెయ్యి లోపలికి పెట్టింది.

ఆయన వద్దన్నది నోటి మాటే కదా.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత తువ్వాలు కొంచెం కదిలింది. మళ్లీ కదిలింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన కళ్లు మాత్రం తడిశాయి.

అప్పుడు చెప్పింది.

"మెదడులో గూడా ఇట్లే నాయనా. రెండు కణాల మధ్య సన్నని సందు ఉండాది. ఈ పక్క చెయ్యి మాదిరి ఒక ప్రోటీన్, ఆ పక్క ఇంకోటి. కొన్ని వాటంతట అవే పట్టుకుంటాయి. కొన్నిటికి జత కుదరదు. అప్పుడు పక్కనుండే కణం ఇంకో ప్రోటీన్‌ను పంపిస్తాది. అది ఈ చెయ్యి పట్టుకోని, ఆ చెయ్యి పట్టుకోని, రెండింటినీ కలుపుతాది. ఆమీట మిగిలినవి వచ్చి చేరతాయి. ఈ పక్క మాట పంపించేవి, ఆ పక్క మాట అందుకునేవి."

నాయన తువ్వాలు వైపు చూశాడు.

"అంటే మెదడులో గూడా దళారి ఉండాడా?"

"ఉండాడు. నేను చదివేది ఆయన గురించే."

అంతే. ఆ రోజు నుంచి మండీకి ఎవరొచ్చినా, "మా పాప నా మీద రీసెర్చ్ చేస్తాండాది" అని ఒకటే గొప్పలు. మరి ఎలుకల సంగతేంటని అడిగితే, "వినాయకసామికి నేను చెప్పుకుంటాలే" అనేవాడు.

తర్వాత ఒకసారి ఆయన్ని ల్యాబ్‌కి తీసుకుపోయాం. మైక్రోస్కోప్ గది చీకటి. నాయన గుడికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి వచ్చాడు. స్క్రీన్ నిండా చుక్కలు. ఒక పక్క కణం ప్రోటీన్‌కి ఆకుపచ్చ రంగు, రెండో పక్క దానికి ఎరుపు. రెండూ కలిసిన చోట పసుపు వెలుగు.

"తోట మాగినట్టుండాది" అన్నాడు నాయన, గొంతు తగ్గించి.

 ఆ పసుపు మా ముగ్గురి ముఖాల మీదా పడుతోంది. బయట టైం ఎంతైందో, అసలు బయట ఏముందో కూడా మర్చిపోయాం. ఈ తెల్లవారుజామున కూడా నాకు ఆ గదే కలలోకి వచ్చింది. అందులో రోహిణి వేలు పెట్టి చుక్కలు చూపిస్తూనే ఉంది.

నిన్న మధ్యాహ్నం వాకిట్లో పడుకోబెట్టారు దాన్ని.

నాయన ఏడవలేదు. పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి, దాని చేతి మీద, తన చేతి మీద కప్పాడు.

మండీ వాళ్లంతా వచ్చి ఉన్నారు. తువ్వాలు కదలడం చూసి వాళ్లకు అర్థమైంది. బేరం నడుస్తుంటే మధ్యలోకి ఎవరూ పోరు. ఎవరూ పోలేదు.

తువ్వాలు ఒక పక్కనే కదులుతోంది.

చాలాసేపటికి చెయ్యి బయటికి తీశాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"ఏమడిగినావు నాయనా?"

"నువ్వుండు పాపా, నేను పోతా అంటిని" అన్నాడు. "ఒప్పుకోలా."

రోహిణీ, నాయన చెయ్యి ఇప్పుడు నా చేతిలో ఉంది. నువ్వు దిగులుపడొద్దు.

ఆ చీకటి గదిలోని పసుపు వెలుగు నీకు తోడుండాలి. చల్లగా పడుకో.