గొంగడి కప్పిన అద్దం

మా మాస్టరు పోయారన్న కబురు వచ్చేసరికి నా నోట్లో ఉడికించిన శనగలున్నాయి. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "మీ జిమ్ము మాస్టరు పొద్దుగాల్ల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. పక్కనే టిఫిన్ డబ్బా ఉన్నదట. మూత గూడ తియ్యలేదట," అంది. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది కానీ నా బుర్ర ఆ డబ్బా దగ్గరే ఆగిపోయింది. శనగలు ఉమ్మేయాలో మింగాలో తెలియలేదు. చివరికి మింగాను. మింగకపోతే ఆయన కోప్పడతారనిపించింది. పోయిన మనిషి కోప్పడతాడని భయపడ్డం ఏమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయన దగ్గర బరువులెత్తినవాళ్ళెవరూ మాత్రం నవ్వరు.

నేను కోదాడ పిల్లను. మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఇంటికి కోడలిగా వచ్చాను. ఈ ఇంట్లో మనిషి బాగున్నాడా లేదా అన్నది కంచంలో అన్నం గుట్టను బట్టి చెబుతారు. నాకు షుగరు వచ్చింది. ఒళ్ళు తగ్గించమని, కండ పెంచమని డాక్టరు గారు చెప్పారు. ఒకేసారి తగ్గించడమూ పెంచడమూ ఎలాగో నాకు అర్థం కాలేదు. అడిగినవాళ్ళందరూ తలా ఒక మాట చెప్పారు. ఒకరు నిమ్మకాయ నీళ్ళన్నారు, ఒకరు రాత్రిపూట తినొద్దన్నారు. విసుగొచ్చి, ఆడవాళ్ళకు విడిగా సమయం ఉందని విని మాస్టరు జిమ్ముకు వెళ్ళాను.

ఆ జిమ్ము ఎప్పుడో మూతబడ్డ మిల్లు గోదాములో ఉంది. కప్పు చాలా ఎత్తు. ఎన్నేళ్ళయినా ఊక వాసన పోలేదు. ఇనుప తలుపు తెరవగానే ఎదురుగా గోడకు ఆనుకుని ఒక మనిషి నల్ల గొంగడి కప్పుకుని నిలబడ్డట్టు కనిపించింది. నేను కెవ్వున అరిచాను. తీరా చూస్తే అది నిలువుటద్దం, దాని మీద కప్పిన గొంగడి. మాస్టరు నా వెనకెప్పుడొచ్చారో తెలియదు. ఆయన అడుగు చప్పుడు ఎవరికీ వినిపించేది కాదు.

"అది మా నాయినది. గొర్లెంబడి తిరిగిన గొంగడి. నీకేం చెయ్యదు సేటమ్మా," అన్నారు. మిల్లు ఇంటి కోడలినని ఆ పిలుపు.

"అద్దానికెందుకు కప్పారండీ?"

"కొత్తగ వచ్చినోళ్ళు సూసుకోకుండ. ఇయ్యాల ఉపాసముంటె సన్నగ కనిపిస్తవ్, రేపు పచ్చడి దంచి తింటె లావు కనిపిస్తవ్. రెండూ నమ్మకు. మెట్లెక్కినప్పుడు మోకాళ్ళు ఏం చెప్తయో గది ఇను. జాకెట్టు ఏం చెప్తదో గది ఇను."

ఆయన వేములపల్లి దగ్గర గొర్లు కాచే ఇంట్లో పుట్టారు. వయసులో ఉండగా సూర్యాపేటలో ఒక ఉస్తాదు దగ్గర బరువులెత్తడం నేర్చుకుని, ఇక్కడికొచ్చి ఈ జిమ్ము పెట్టారు. ఆయన చెప్పే తిండి లెక్కలన్నీ గొర్ల దగ్గరి నుంచే వచ్చేవి. "మెయ్యకుండ నడిస్తే గొర్రెకు బొక్కలు తేల్తయ్. మేసి పండుకుంటె కొవ్వు పడ్తది. మేసి నడిచిన గొర్రెకే కండ. మనకైన గంతే." నేను గొర్రెను కానని ఒకసారి గట్టిగానే అన్నాను. "గొర్రెవైతె ఇంత పరేషాన్ లేకపోవు, చెప్పినట్టు ఇంటుంటివి," అన్నారు నవ్వకుండా.

అన్నం మానేస్తానంటే ఒప్పుకోలేదు. "అన్నం మీద పగ ఎందుకు? నీ కంచంల అన్నం ఉన్న జాగ పప్పుకియ్యి, పప్పున్న జాగ అన్నానికియ్యి," అన్నారు. మేం గుడ్డు ముట్టం కాబట్టి పెసలు, శనగలు, పనీరు, గట్టి పెరుగు. పూట పూటకూ వాటిలో ఏదో ఒకటి కంచంలో ఉండాలి. మందు మాత్రం డాక్టరు చెప్పకుండా ముట్టొద్దు, మానొద్దు. ఇవన్నీ నేను మా అత్తగారికి చెబితే, "బియ్యం మిల్లోళ్ళ ఇంట్ల శనగలు బుక్కుడు! బయట చెప్పకే," అంది. ఇప్పుడు ఆవిడా తింటుంది, అది వేరే సంగతి.

ఆయనలో నన్ను భయపెట్టిన గుణం ఒకటుంది. ఒక శనివారం పొద్దున ఉపవాసంతోనే వెళ్ళి బరువు ఎత్తి దించాను. ఆయన గోదాము ఆ చివర, మాకు వీపు పెట్టి, బల్లకు మేకు కొడుతున్నారు. తల కూడా తిప్పకుండా, "ఎవరో తినకుండ వచ్చిండ్రు," అన్నారు.

"మీకెలా తెలుసండీ?"

"ఇనుము చెప్తది. తిన్నోళ్ళు దించితె రెండు పక్కలు ఒక్కపారి తాకుతయ్, ఒకటే చప్పుడు. తిననోళ్ళకు ఒక చెయ్యి ముందుగాల జారుతది. టక్కు, టక్కు. రెండు చప్పుళ్ళు." లేచొచ్చి తన టిఫిన్ డబ్బా నా ముందు పెట్టారు. "తిన్నంక లేపు. దేవునికి నేను జెప్త."

ఆ డబ్బాలో రోజూ ఆయన గుడ్లతో పాటు విడిగా పెసలు ఉండేవి. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, నాకోసమని వేరే గిన్నెలో ఉడికించి కట్టేది. వచ్చినవాళ్ళందరినీ "తిన్నవా?" అని అడిగి, తిననివాళ్ళకు పెట్టి, ఆ తర్వాతే ఆయన నోట్లో వేసుకునేవారు. ఒక్కరు మిగిలినా ఆగేవారు. అదేం పట్టుదలో, ఎంతమంది చెప్పినా వినలేదు.

మా ఆడపడుచు కూతురి పెళ్ళి ముందు నాకు పిచ్చి పట్టింది. పట్టుచీర బాగా కట్టుకోవాలని నీళ్ళూ మజ్జిగతో రోజులు నెట్టాను. కాంటా మీద ముల్లు దిగింది. గొప్పగా వెళ్ళి చెప్పాను. ఆయన చెయ్యి చాచి, "నా చెయ్యి గట్టిగ పట్టు," అన్నారు. పట్టాను. ఆయన ముఖం చిన్నబోయింది. "కొవ్వెంత పోయిందో తెల్వదు గని సేటమ్మా, కండ పోతున్నది. కష్టపడి కట్టుకున్న గోడ ఇటుకలు తీసి పొయ్యిల పెడ్తున్నవ్. మెల్లగ పో. మెల్లగ పోయిందే మళ్ళ రాదు." ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంటికెళ్ళి పెరుగన్నం తిన్నాను.

సూర్యాపేట నుంచి బస్సులో వచ్చే లెక్చరరు ఒకాయనది దీనికి తిరగబడ్డ కథ. సన్నటి మనిషి, కండ కావాలని ఒక్కరోజు కూడా ఆగకుండా బరువులెత్తేవాడు. మాస్టరు ఆయన్ని తలుపు దగ్గరే ఆపి, "కండ పడేది గీడ కాదు సార్, పండుకున్నప్పుడు. ఇంటికి పోయి జర నిద్రపో," అని అదే బస్సుకు వెనక్కి పంపించారు. ఆదివారం మాత్రం మాస్టరు మటన్ తినేవారు, బిర్యానీ తినేవారు, ఆనందంగా వేళ్ళు నాకేవారు. "ఇయ్యాల లెక్క లేదు. రేపు మళ్ళ ఉంటది," అనేవారు. ఆయన నోరు కట్టుకుని బతికిన మనిషి కాదని మీకు చెప్పడానికే ఇది రాశాను. ఎందుకంటే ఆయన పోయాక అందరూ అదే మాటన్నారు.

గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. ఊరికి అది సరిపోలేదు. "జిమ్ములు జేసి జేసి పోయిండు," అన్నారు. "కడుపు మాడ్సుకొని పోయిండు," అన్నారు. మా ఆయన నా బూట్లు అటక మీద పెట్టేశారు. ఇవన్నీ అక్క చెవిన పడ్డాయి. మూత తియ్యని ఆ డబ్బా ఆమె చేతికిచ్చారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. పలకరించిన ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట. "ఆకలితోని పోయిండు. ఊరందరికి పెట్టిన మనిషి ఆకలితోని పోయిండు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు చూడలేక నేను వచ్చేశాను.

మూడోనాడు వేములపల్లి దగ్గర వాళ్ళ పొలంలో పిట్టకు పెట్టారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టిందా, పోయిన మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలినట్టు. మాస్టరు వాళ్ళన్న పెద్ద విస్తరి నింపాడు. బిర్యానీ, జిలేబీ, బూరెలు, కల్లు. "బతికినన్నాళ్ళు నోరు కట్టుకుండు. ఇప్పుడన్న కడుపు నిండ తిననియ్యిరి," అన్నాడు. జిమ్ము వాళ్ళెవరో ఉడికిన గుడ్లు కూడా పెట్టారు.

కాకి ఒకటి వచ్చింది. కరెంటు తీగ మీద కూర్చుంది. పొలంలో గాలి లేదు, వరి ఆకు కూడా కదలడం లేదు. ఆ కాకి విస్తరి వైపు చూడలేదు. మా వైపు చూసింది. ఒక్కొక్కరినీ, తల అటూ ఇటూ వంచి, ఒకరి తర్వాత ఒకరిని. నాకు ఆ చూపు ఎక్కడో చూసినట్టు అనిపించింది. కొడుకు చేతులు జోడించి, "బాపూ, అమ్మను నేను సూసుకుంట," అన్నాడు. కదల్లేదు. అన్న, "తమ్మీ, జిమ్ము మూసెయ్యం, సరేనా?" అన్నాడు. కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. కొందరు గొణగడం మొదలుపెట్టారు.

"ఇగ రాదు. ఆవుకు పెడుదాం," అన్నాడు అన్న.

"వద్దు బావా!" అంది అక్క. అంత గొంతు ఆమెకుందని నాకు తెలియదు. "ఆవుకు పెడితె ఆయన ఆకలి తీరిందో లేదో నాకెట్ల తెలుస్తది? నేను బతికినన్నాళ్ళు గిదే మనసుల పెట్టుకొని బతకాల్నా?" తీగ వైపు తిరిగింది. "ఏం కావాలె నీకు? చెప్పు, ఏం కావాలె?" అంటూ చేతిలోని నీళ్ళ చెంబు పక్కనున్న బండ మీద దించింది.

టక్కు. టక్కు.

చెయ్యి వణికి చెంబు అంచు ఒకసారి, అడుగు ఒకసారి తాకింది, అంతే. కానీ నాకు గోదాములో ఇనుము చప్పుడు గుర్తొచ్చింది. నా వెనక నిలబడి ఎవరో వింటున్నట్టే అనిపించింది. తిరిగి చూడలేదు.

"అక్కా, మీరు తిన్నారా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఎట్ల తింట చెల్లె? ఆయన తినకుండ పోయినంక నా నోట్లె ముద్ద ఎట్ల దిగుతది? ఆనాటి సంది నీళ్ళే."

నా సంచిలో నా డబ్బా ఉంది. ఎక్కడికెళ్ళినా డబ్బా ఉండాలని మాస్టరు నేర్పిన అలవాటు. మూత తీసి, పెసలు పిడికిట్లోకి తీసుకుని ఆమె నోటి దగ్గర పెట్టాను. అన్న పరుగున వచ్చాడు. "పిట్ట ముట్టకముందే తినిపిస్తరా? తెలివుండే చేస్తున్నరా అమ్మా?" అన్నాడు.

"మీరాగండి! మీ తమ్ముడు ఎప్పుడైనా ఎదుటివాళ్ళు తినకుండా తిన్నారా? చెప్పండి, ఒక్కసారైనా?"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నేను అక్క వైపు తిరిగాను. "డబ్బా మూత తియ్యలేదంటే ఆకలితో పోయారని కాదక్కా. అప్పటికి మేమెవరం రాలేదు. మాకోసం ఆగారు. ఇప్పుడు మీకోసం ఆగారు. తినండి."

"అట్లనా?" అంది. మళ్ళీ "అట్లనా?" అంది. నోరు తెరిచింది. మెల్లగా నమిలింది. ఆమె గొంతు కదిలి ముద్ద దిగిన ఆ క్షణాన మా తలల మీద రెక్కలు టపటపమన్నాయి. కాకి విస్తరి మీద వాలింది.

అది ఏం ముట్టిందన్న దాని మీద ఇప్పటికీ తగువే. వాళ్ళన్న బిర్యానీ అంటాడు, జిమ్ము వాళ్ళు గుడ్డు అంటారు. నేను చూడలేదు. అక్క నా భుజం మీద వాలి అప్పుడు ఏడ్చింది, మొదటిసారి, గుండెలు అవిసేలా. ఏడుస్తూనే నా చేతిలోవి ఇంకా తీసుకుని తింది.

ఇప్పుడు జిమ్ము తలుపు అక్కే తెరుస్తుంది. ఆయన కూర్చునే బల్ల మీద ఆయన డబ్బా నింపి పెట్టి వెళ్తుంది. నా బూట్లు నేనే అటక మీద నుంచి దించుకున్నాను.

మొన్న ఏకాదశి. ఉపవాసమున్నాను. ఒకసారి ఎత్తితే ఏమవుతుందిలే అని తెల్లవారుతుండగానే వెళ్ళాను. ఇంకెవరూ రాలేదు. ఫ్యాను వేయలేదు. బరువు ఎత్తి దించాను. టక్కు, టక్కు. నా ఎదుట అద్దం మీది గొంగడి కదిలింది. అంచు దగ్గర కాదు, భుజాల ఎత్తున, ఎవరో ఊపిరి పీల్చి మాటకు ముందు ఆగినట్టు. అక్కడే ఉబ్బి నిలిచింది.

నేను పారిపోలేదు. "తింటున్నానండీ, తింటున్నా," అన్నాను పైకే. బల్ల దగ్గరికెళ్ళి డబ్బా మూత తీశాను. పెసలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. గొంగడి వైపే చూస్తూ, ఆయనకు కనిపించేలా, నమిలి మింగాను. అప్పుడు ఆ నల్లటి ఉన్ని మెల్లగా, ఊపిరి వదిలినట్టు, అద్దానికి ఆనుకుంది.